ఇంజిన్ ముందు ఆయిల్ కారుతోందా? ముందు పైకి చూడాలి

రాత్రి నిలబెట్టిన పాత బండిని పొద్దున్నే కదిలిస్తే కింద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. వంగి చూస్తే క్రాంక్ పుల్లీ, అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసు (క్రాంక్) కొసన బెల్టులు తిప్పే చక్రం, దాని చుట్టూ జిడ్డు. కింద ఆయిల్ నిలిచే తొట్టి, అదే చాంబర్, దాని అంచున వేలాడుతున్న చుక్క. ఇక తీర్పు వచ్చేసినట్టే: ‘ఫ్రంట్ ఆయిల్ సీల్ పోయింది’. తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా చూసే రింగే ఆ సీల్. బెల్టులు విప్పి, పుల్లీ లాగి, కొత్త సీల్ కొడతారు. వారం పది రోజులకు మచ్చ మళ్లీ ప్రత్యక్షం. ఈసారి నింద సీల్ నాణ్యత మీదకు పోతుంది. డూప్లికేట్ సరుకని ఇంకోటి తెచ్చి వేస్తారు. అది కూడా కారుతుంది.

ఇలా రెండు మూడు సీళ్లు మార్చిన తర్వాత కానీ ఇంజిన్ నెత్తిన వాల్వులను కప్పే ట్యాపెట్ కవర్ ముందు మూల మీద ఎవరి కన్నూ పడదు. అసలు ఆయిల్ అక్కడి నుంచే సన్నగా జారుతూ, టైమింగ్ చెయిన్‌ను లేదా బెల్టును కప్పే టైమింగ్ కవర్ మీదుగా దిగి, పుల్లీ దగ్గరకు చేరి ఉంటుంది. పుల్లీ దాన్ని చుట్టూ చిమ్మి తన ఇంటి గొడవలా చూపిస్తుంది.

ఇంజిన్ ముందు భాగం అంటే బెల్టులు, పుల్లీలు ఉన్న వైపు. బండి పొడవు వెంట నిలువుగా అమర్చిన ఇంజిన్లలో అది రేడియేటర్ వైపు ఉంటుంది. అడ్డంగా అమర్చిన ఇంజిన్లలో ఒక పక్క చక్రం వైపు ఉంటుంది, అక్కడ ఆయిల్‌కు తోడు రోడ్డు బురద కూడా వచ్చి పేరుకుంటుంది. ఎటున్నా, లీక్ కనిపెట్టడానికి ఇంత చిక్కైన చోటు ఇంజిన్ మొత్తంలో మరొకటి ఉండదు. కారణాలు మూడు. ఆయిల్ ఎటూ కిందికే జారుతుంది. బండి నడుస్తున్నప్పుడు వచ్చే గాలి, ఫ్యాన్ గాలి దాన్ని వెనక్కి నెడతాయి. ఇక పుల్లీ, తన మీద పడిన ప్రతి చుక్కనూ నలుమూలలా విసురుతుంది. కాబట్టి చుక్క పడే చోటు దాదాపు ఎప్పుడూ ఆయిల్ ప్రయాణంలో చివరి మజిలీయే. వెతకాల్సింది తడి ఎక్కడ మొదలైందన్నది. పాత మెకానిక్కులు పాటించే పద్ధతి ఇదే: అన్నింటికన్నా పైన, అన్నింటికన్నా ముందు ఉన్న తడి మచ్చను పట్టుకోవాలి. దాని కింద, వెనక ఉన్నదంతా అక్కడి నుంచి వచ్చినదే కావచ్చు.

అంతకంటే ముందు, కారుతున్నది ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోవాలి. ఇంజిన్ ముందు వైపే వాటర్ పంపు, చాలా బళ్లలో పవర్ స్టీరింగ్ పంపు కూడా ఉంటాయి. తెల్ల కాగితం మీద రెండు చుక్కలు పట్టి చూస్తే సగం సందేహం తీరుతుంది. ఇంజిన్ ఆయిల్ గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే జారుడుగా తగులుతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బళ్లలో ఎర్రగా ఉంటుంది, పాతబడితే అదీ నల్లబడుతుంది కాబట్టి రంగొక్కటే నమ్ముకోకూడదు, దాని డబ్బాలో మట్టం కూడా చూడాలి. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ అయితే తియ్యటి వాసన, ఆరిన చోట పొడిలాంటి మరక. వాటర్ పంపు లోపలి సీల్ పోతే కూలెంట్ బయటికి రావడానికి పంపు కింద చిన్న రంధ్రం కావాలనే వదులుతారు. ఆ రంధ్రం కింద మరక ఉంటే ఆయిల్ సీళ్ల గురించి ఆలోచించడం టైమ్ వేస్ట్.

చెమర్చడం వేరు, కారడం వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి. పాత ఇంజిన్ మీద ప్యాకింగ్ (రెండు భాగాల అతుకులో పెట్టే పొర) అంచుల వెంట దుమ్ము పట్టిన సన్నటి జిడ్డు గీత ఉండటం మామూలే. తుడిస్తే మళ్లీ నెలలకు గానీ రాదు. దానికోసం ఇంజిన్ ముందు భాగమంతా విప్పడం అనవసరం. కారడం అంటే చుక్క పడాలి, ఆయిల్ కొలిచే పుల్ల అయిన డిప్‌స్టిక్‌లో మట్టం తగ్గాలి.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసుకుంటే చాలా గందరగోళం తగ్గుతుంది. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు అనుకుంటే, లీటరుకు 20,000 చుక్కలు. 1,000 కిలోమీటర్లకు ఒక లీటరు ఆయిల్ తగ్గుతోందంటే, అదంతా లీకే అయితే, కిలోమీటరుకు 20 చుక్కలు, అంటే 50 మీటర్లకో చుక్క పడాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇది 3 సెకన్లకో చుక్క. అంత ఆయిల్ బయటికి వచ్చే బండికి అడుగు భాగమంతా తడిసి ముద్దవుతుంది, వెనక అద్దం మీద కూడా తుంపర పడొచ్చు. రాత్రికి నాలుగు చుక్కలు మాత్రమే పడుతూ, అడుగున పెద్దగా తడి లేకుండా లీటరు తగ్గుతోందంటే, ఆ ఆయిల్ సీల్ దగ్గర పోవడం లేదు. సిలిండర్లలో కాలిపోతోంది. సీల్ మార్చినా డిప్‌స్టిక్ మాట వినదు.

వెతుకులాట పై నుంచి మొదలుపెట్టాలి. మొదట ఆయిల్ పోసే మూత, దాని కింద రబ్బరు వాషర్. నవ్వుకునేంత చిన్న విషయమే, కానీ మూత సరిగా బిగియక కారిన ఆయిల్ ట్యాపెట్ కవర్ లీక్‌లా కనిపించడం కొత్తేమీ కాదు. తర్వాత ట్యాపెట్ కవర్ ప్యాకింగ్. ఏళ్ల తరబడి వేడికి ఉడికి రబ్బరు రాయిలా గట్టిపడుతుంది, కార్క్ ప్యాకింగ్ అయితే పొడిబారి చిట్లుతుంది. దీన్ని ఆపాలని బోల్టులు ఇంకా బిగిస్తే రేకు కవర్ బోల్టు దగ్గర లోపలికి నొక్కుకుపోయి, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది. లీక్ పెరుగుతుంది. చాలా ఇంజిన్లలో ఈ బోల్టులకు చెప్పిన బిగువు 10 న్యూటన్ మీటర్ల అటూ ఇటూ మాత్రమే, అంటే చిన్న పానాతో మణికట్టు బలం చాలు. విప్పిన కవర్‌ను చదునైన గాజు మీద బోర్లించి అంచుల కింద వెలుతురు చూస్తే అది వంకరపోయిందో లేదో తెలిసిపోతుంది.

ట్యాపెట్ కవర్ నుంచి కిందికి వస్తే వాల్వులను తెరిచే ఇరుసు, క్యామ్ షాఫ్ట్, దాని సీళ్లు, హెడ్‌కూ బ్లాక్‌కూ టైమింగ్ కవర్‌కూ మధ్య అతుకులు, వాటి పక్కన హైడ్రాలిక్ చెయిన్ టెన్షనర్ ఉంటే దాని ప్యాకింగ్. కొన్ని పాత పెట్రోల్ ఇంజిన్లలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అడుగున రబ్బరు చుట్ట (‘ఓ-రింగ్’), పక్కన మెకానికల్ పెట్రోల్ పంపు ప్యాకింగ్ కూడా అనుమానితులే. వి ఆకారపు ఇంజిన్లలో అయితే సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ముందు చివర సీల్. పాత డీజిల్ బళ్లలో చాలామంది మరిచిపోయేది కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్. కొన్నింటికి బ్రేకుల కోసం వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, దానికి ఇంజిన్ ఆయిల్ ఒక సన్నటి పైపు ద్వారా వస్తుంది. ఆ పైపు జాయింట్ దగ్గర కారితే ఆల్టర్నేటర్, బెల్టు, పుల్లీ అన్నీ తడుస్తాయి.

ఆయిల్ ఒత్తిడి తగ్గితే హెచ్చరిక దీపం వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అది మిగతావాటిలా కాదు. సీళ్ల వెనక ఉండేది ఎక్కువగా చిలికిన, చింది పడిన ఆయిల్ మాత్రమే. స్విచ్ వెనక ఉండేది పంపు తోసే ఆయిల్, వేడెక్కిన ఇంజిన్ వేగంలో ఉన్నప్పుడు అది సాధారణంగా 3 నుంచి 5 బార్ల ఒత్తిడి దాకా ఉంటుంది. అందుకే చిన్న పగులుకే బాగా చిమ్ముతుంది, ఇంజిన్ ఆపగానే టక్కున ఆగిపోతుంది. వైరు కనెక్టర్ లాగి లోపల చూడాలి. కనెక్టర్ గుంటలో ఆయిల్ నిండి ఉంటే స్విచ్ మధ్యలో నుంచే కారుతోంది, మర దగ్గర ఎంత టేపు చుట్టినా లాభం లేదు, స్విచ్ మార్చాల్సిందే. ఆ ఆయిల్ వైరు వెంట పాకి దూరంగా వేరే చోట చుక్కయి పడటం కూడా ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ కూడా ఒత్తిడి ఉన్న చోటే. పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాక్‌కు అతుక్కుని ఉండిపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేస్తే, అది ఏ క్షణాన్నైనా ధారగా వదిలేయొచ్చు.

ఈ జాబితా అంతా జిడ్డు కింద దాగి ఉంటే కళ్లకు ఏదీ కనిపించదు. కాబట్టి కడగకుండా నిర్ధారణ లేదు. డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో మడ్డి వదిలించి, గుడ్డతో పొడిగా తుడవాలి. పెట్రోల్‌తో కడిగే అలవాటు ఉన్నవాళ్లు మానుకోవడం మంచిది, వేడి ఇంజిన్ దగ్గర దాని ఆవిరి చాలు అంటుకోవడానికి. ఆల్టర్నేటర్‌కూ కరెంటు జాయింట్లకూ ప్లాస్టిక్ కవర్ చుట్టాలి, ఇంజిన్ చల్లారాకే నీళ్లు పట్టాలి. కడిగాక వెంటనే వంద కిలోమీటర్లు తిప్పేసి చూస్తే మళ్లీ అంతా తడిసిపోయి మొదటికొస్తుంది. ఐదు నిమిషాలు నడపడం, ఆపడం, టార్చ్ వేసి చేతి అద్దంతో చూడటం. మళ్లీ పది నిమిషాలు, మళ్లీ చూడటం. కొన్ని లీకులు ఆయిల్ వేడెక్కి పల్చబడ్డాకే బయటపడతాయి, అందుకే ఓపిక కావాలి.

పౌడర్ పద్ధతి పాతదే అయినా బాగా పనిచేస్తుంది. పొడిగా తుడిచిన చోట ట్యాల్కం పౌడర్ పల్చగా చల్లి ఇంజిన్ కాసేపు నడిపితే, ఆయిల్ ముందుగా తాకిన చోట పౌడర్ ముదురు రంగుకు తిరిగి సన్నటి గీతగా కనిపిస్తుంది. ఆ గీత పై కొసే అసలు చోటు. అలాగని తిరిగే బెల్టు, ఫ్యాన్ ముందు చెయ్యి పెట్టి చల్లకూడదు, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బళ్లలో తాళం తీసేసినా అది తనంతట తాను తిరగొచ్చు. పొడుగు చేతుల చొక్కా, మెడలో వేలాడే గుడ్డ లాంటివి పక్కన పెట్టాకే దగ్గరికి వెళ్లాలి. మెల్లగా కారే మొండి లీకులకు యూవీ డై, అంటే అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు, మేలు. ఆయిల్‌లో కలిపి ఒకటి రెండు రోజులు బండి తిప్పాక, చీకట్లో యూవీ లైటు వేస్తే లీక్ దారి పసుపుపచ్చగా మెరుస్తుంది.

ఇప్పుడు పుల్లీ దగ్గరకు రావచ్చు. నిజంగా క్రాంక్ సీలే కారుతుంటే దానికి కొన్ని గుర్తులు ఉంటాయి. పుల్లీ వెనక ముఖం తడిగా ఉంటుంది. పుల్లీ ఏ తలంలో తిరుగుతుందో అదే తలంలో చుట్టూ ఉన్న భాగాల మీద, ఒక్కోసారి బోనెట్ అడుగున కూడా, సన్నటి ఆయిల్ గీత పడుతుంది. బురద గుంటలో తిరిగిన సైకిల్ చక్రం చొక్కా మీద గీసే గీత లాంటిదే అది. పుల్లీకి పైన ఉన్న టైమింగ్ కవర్ మాత్రం పొడిగా ఉంటుంది. పైన తడిగా ఉండి, పుల్లీ కూడా తడిగా ఉంటే సీల్‌ను ఇంకా నేరస్థుడు అనకూడదు. మరో సంగతి. పుల్లీ వెనక పొడిగా ఉండి, ముందు మధ్య బోల్టు చుట్టూ తడి ఉంటే సీల్ బాగానే ఉన్నట్టు. ఆయిల్ క్రాంక్‌కూ పుల్లీకీ మధ్య కీ గాడి వెంట పాకి బోల్టు తల దగ్గర బయటపడుతోంది. దానికి పుల్లీ తీసి ఆ గాడిలో కొద్దిగా సిలికాన్ సీలెంట్ పెట్టి బిగిస్తే సరిపోతుంది. ఈ తేడా తెలియక పారేసిన మంచి సీళ్లకు లెక్కుండదు.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో కథ ఇంకో మలుపు తిరుగుతుంది. చెయిన్ ఉన్న ఇంజిన్లో టైమింగ్ కవర్ లోపల ఆయిల్ ఉండటం సహజం, చెయిన్‌కు అది కావాలి. రబ్బరు టైమింగ్ బెల్టు నడిచే గది మాత్రం సాధారణంగా పొడిగా ఉండాలి. పైన క్యామ్ సీల్ కారితే ఆయిల్ కవర్ లోపలే దిగి అడుగు సందులోంచి, సరిగ్గా క్రాంక్ పుల్లీ దగ్గరే బయటికి వస్తుంది. బయటి నుంచి ఎంత చూసినా క్రాంక్ సీల్‌లాగే కనిపిస్తుంది. పై కవర్ రెండు బోల్టులు విప్పి లోపలికి టార్చ్ వేస్తే గానీ నిజం తెలీదు. ఇక్కడ ఆలస్యం ప్రమాదం కూడా. ఆయిల్‌లో నానిన మామూలు టైమింగ్ బెల్టు రబ్బరు మెత్తబడి, ఉబ్బి, పళ్లు ఊడుతుంది. పిస్టన్, వాల్వ్ ఒకే చోటును వంతులవారీగా వాడుకునే ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చిన్న సీల్ లీక్ హెడ్ దింపే పనిగా మారేది ఇలాగే. అందుకే బెల్టు గది తెరిచినప్పుడే క్యామ్, క్రాంక్ సీళ్లు రెండూ మార్చేయడం, తడిసిన బెల్టును తుడిచి వాడకుండా పక్కన పడేయడం తెలివైన పని.

సరే, నిర్ధారణ అయింది, క్రాంక్ సీలే కారుతోంది. ఇప్పుడైనా వెంటనే పానా పట్టకూడదు. సీల్ ఎందుకు కారుతోంది అన్న ప్రశ్న మిగిలే ఉంది.

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి, క్రాంక్ గదిలోకి దిగుతుంది. దాన్ని బయటికి పంపడానికి చాలా పాత ఇంజిన్లకు ఉత్త బ్రీదర్ గొట్టం ఉండేది. 1960లలో అమెరికాలో కాలుష్య నియంత్రణ మొదలయ్యాక ఆ గ్యాస్‌ను ఇన్‌టేక్‌లోకి పీల్చే పీసీవీ వాల్వ్ పద్ధతి విస్తరించింది. ఏ పద్ధతైనా, ఆ దారి మడ్డితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడిని ఆపడానికి ఆయిల్ సీల్ పుట్టలేదు, చింది పడే ఆయిల్‌ను లోపలికి మళ్లించడమే దాని పని. ఒత్తిడి పెరిగితే బలహీనంగా ఉన్న చోటు మొదట లొంగుతుంది. ఒకే సమయంలో ముందు సీల్, ట్యాపెట్ కవర్, వెనక సీల్, డిప్‌స్టిక్ గొట్టం అన్నీ చెమరుస్తుంటే, నాలుగు ప్యాకింగులు ఒకే నెలలో ముసలివి కాలేదు, ఇంజిన్‌కు ఊపిరాడటం లేదు. తీసి ఊపితే పీసీవీ వాల్వ్ చాలా రకాల్లో టిక్కుటిక్కుమని శబ్దం చేయాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు (ఐడిల్‌లో) ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెడితే, పీసీవీ బాగా పనిచేస్తున్న పెట్రోల్ ఇంజిన్ దాన్ని మెల్లగా లోపలికి లాక్కుంటుంది. కాగితం ఎగిరిపోతే లోపల ఒత్తిడి ఉంది. పాత డీజిల్ ఇంజిన్లలో కొంచెం ఊదడం మామూలే కాబట్టి అక్కడ ఈ పరీక్షను అంత కచ్చితంగా తీసుకోలేం. పొగలు పొగలుగా దబదబా కొడుతుంటే మాత్రం రింగులు అరిగాయని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన సీల్ వేసినా ఉపశమనమే, చికిత్స కాదు.

గ్యారేజీల్లో ఇంకో పరీక్ష కూడా చేస్తారు. ఇంజిన్ ఆపి, బ్రీదర్ దారులు మూసి, డిప్‌స్టిక్ గొట్టం ద్వారా అతి తక్కువ గాలి ఎక్కించి సబ్బు నీళ్లు చల్లుతారు. బుడగలు లేచిన చోటు లీక్. గాలి 2 నుంచి 3 పీఎస్ఐ మించకూడదు, కంప్రెసర్ నేరుగా తగిలిస్తే బాగున్న సీళ్లు కూడా ఊడి వస్తాయి. ఆయిల్ ఎక్కువ పోసి ఉన్నారేమో కూడా చూడాలి. మట్టం మరీ పెరిగితే క్రాంక్ దాన్ని మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది, నురగ సీళ్ల మీదకు వస్తుంది.

ఇక సీల్ కూర్చునే చోటు. పుల్లీ మధ్య మెడ, అంటే హబ్, మీదే సీల్ అంచు ఆనుతుంది. 45 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న హబ్ 3,000 ఆర్‌పీఎం‌లో తిరిగితే దాని ఉపరితలం సెకనుకు దాదాపు 7 మీటర్లు సీల్ అంచు కింద నుంచి జారిపోతుంది. ఏళ్ల తరబడి అదే గీత మీద. గట్టిపడిన రబ్బరు అంచు, దాని కింద చిక్కిన దుమ్ము కలిసి ఇనుమును కూడా కోస్తాయి. పుల్లీ తీసి హబ్ మెడ మీద గోరు అడ్డంగా లాగితే చాలు. మెరిసే గీత మాత్రమే కనబడుతూ గోరు జారిపోతే ఫర్వాలేదు. గోరు ఆ గాడిలో తట్టుకుంటే కొత్త సీల్ కూడా ఆ గాడి మీదే కూర్చుని కారుతుంది. దానికి పల్చటి స్టీలు స్లీవ్ తొడగవచ్చు, లేదా వీలున్న చోట సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి అంచును కొత్త దారి మీదకు తేవచ్చు. పుల్లీని చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించి చూడటం కూడా ఇప్పుడే జరగాలి. కంటికి కనిపించేంత ఆట ఉంటే, క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగ్ అరిగింది, క్లచ్ నొక్కిన ప్రతిసారీ క్రాంక్ ముందుకు జరుగుతోంది, సీల్ అంచు నిలకడగా కూర్చోదు. పుల్లీలో రబ్బరు పొర ఊడి అది వంకరగా తిరుగుతున్నా సీల్‌కు అదే గతి.

పాత సీల్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి లాగేటప్పుడు క్రాంక్ మీద పడే ఒక్క గీత కొత్త లీక్‌కు చాలు. మామూలు రబ్బరు సీల్ అంచుకు ఆయిల్ రాసి వేయాలి. టెఫ్లాన్ అంచు ఉన్న సీళ్లు చాలా వరకు పొడిగానే వేయాలి, ఆయిల్ రాస్తే అవి సరిగా కుదురుకోవు. పెట్టె మీద రాసింది చదవకుండా అన్నింటికీ ఒకే అలవాటు పాటించడం వల్లే కొన్ని కొత్త సీళ్లు మొదటి రోజే కారతాయి. పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించడం అసలు వద్దు, ఆ దెబ్బ థ్రస్ట్ బేరింగ్‌కు తగులుతుంది.

సీల్ మెత్తబడేలా చేసే ఆయిల్ మందులు కొన్నిసార్లు పనిచేస్తాయి. రబ్బరు గట్టిపడటమే కారణమైతే కాస్త ఉబ్బించి లీక్ తగ్గిస్తాయి. గాడి పడిన హబ్‌కూ, పూడుకుపోయిన బ్రీదర్‌కూ వాటితో ఒరిగేదేమీ లేదు. బయటి నుంచి జిడ్డు మీదే సీలెంట్ పూయడం మాత్రం శుద్ధ దండగ, అది ఊడిపోతుంది, పైగా తర్వాత వెతికేవాడికి అసలు చోటు కనబడకుండా చేస్తుంది.

పని అయ్యాక మరోసారి కడిగి, డిప్‌స్టిక్ మట్టం రాసిపెట్టుకుని, రాత్రి ఇంజిన్ కింద వెడల్పాటి అట్టముక్క పరచాలి. చక్రాల స్థానం అట్ట మీద గీసుకుంటే రోజూ ఒకే చోట పోల్చి చూడవచ్చు. మొదటి రెండు రోజులు ఒకటీ అరా చుక్క పడినా టెన్షన్ అక్కర్లేదు, బ్రాకెట్ల సందుల్లో, బోల్టు గుంటల్లో దాక్కున్న పాత ఆయిల్ వేడికి జారి అలా వస్తుంది. నాలుగో రోజు కూడా అదే చోట తాజా చుక్క ఉంటే, టార్చ్ తీసుకుని మళ్లీ ట్యాపెట్ కవర్ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.